టీ మరిగేలోపు

జీపులు ఊళ్ళోకే పోతున్నాయట. ఆ మాట పంటి కింద రాయిలా ఉంది దర్శనికి, మింగనూ లేక ఉమ్మనూ లేక అటూ ఇటూ తిప్పుకుంటూ ఎక్కుతోంది. రోడ్డు దగ్గర టీ కొట్టు ఆవిడ గ్లాసులు కడుగుతూ ఊరికే అన్నది, "ఏం దీదీ, కుంజేఠి దాకా జీపు పోతుంటే నీకీ నడకేంటి? ఢిల్లీ వాళ్ళంటే సరదాకి ఎక్కుతారు," అని. అంతలో తనకే గుర్తొచ్చినట్టు తల ఊపి, "ఓ, నువ్వు రఘుబీర్ చెల్లెలివా. అయితే నడవాల్సిందేలే. ఏ దారిన ఏడుస్తూ దిగిందో ఆ దారినే ఎక్కి రావాలని సోదెమ్మ చెప్పిందంటగా. ఏం చేస్తారు పాపం, కోడలికి ఇది మూడోసారి, ముందు రెండూ నిలవలేదు. ఇంటి ఆడపడుచు కన్నీళ్ళు దారిలో పడున్నాయి, అవి తీస్తేగానీ కడుపు నిలవదని బియ్యం గింజలు చూసి చెప్పిందంట. పూజ పెట్టి, నీ చేత్తో అక్షతలు వేయించి దీవెన మాట అనిపిస్తారంట," అన్నది. దర్శని మొహం చూశాక గానీ ఆవిడకు అర్థం కాలేదు. "నీకు చెప్పలేదా? నా నోటికి తాళం లేదు తల్లీ, పట్టించుకోకు," అని తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికి పోయింది. అప్పటికే పైమలుపులో, కొండెక్కే వాళ్ళకి దారి చూపించే అన్న ఈల వేస్తున్నాడు. మెడలో తాడుకి కట్టుకున్న ఈల, నెత్తిన టోపీ, వెనక ఢిల్లీ నుంచి వచ్చిన నలుగురు, వాళ్ళ సామాన్లు మోసే మనిషి, అందరి కన్నా వెనక తను. "మెల్లగా రండి, తొందరేం లేదు. ఈ దారి పిల్లలు ఎక్కుతారు, ముసలాళ్ళు ఎక్కుతారు. ఎక్కిన వాళ్ళంతా సన్నబడతారు, నేను తప్ప," అంటున్నాడు. వాళ్ళు నవ్వుతున్నారు. ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో ఆ జోకు, నవ్వు ఎక్కడ వస్తుందో తెలిసి అక్కడ ఆగుతున్నాడు.

వెనక్కి తిరిగి పోవచ్చు. కిందే రోడ్డు, సాయంత్రానికి అత్తవారి ఊరు సిల్యాణ చేరిపోవచ్చు, రేపు బడిలో పిల్లలకి పప్పూ అన్నం వండుకోవచ్చు, ఏమీ జరగనట్టు. కానీ అరిసెలు జీపెక్కి పైకి వెళ్ళిపోయాయి. అదొకటి నవ్వొచ్చింది, మొహం మీదకి రాని నవ్వు. తను నడుస్తోంది, తన అరిసెలు జీపులో కూర్చుని పోయాయి. "బరువెందుకు భులీ, ఆ డబ్బా ఇటివ్వు, జీపులో పంపిస్తాను, నువ్వు చేతులూపుకుంటూ రా," అన్నాడు అన్న. భులీ. చెల్లెల్ని అలా పిలిచే గొంతు విని ముప్పై ఏళ్ళు దాటింది. ఫోనులో మొదటిసారి ఆ మాట వినగానే ఎవరో అనుకుంది, తర్వాత వంటింటి గడప మీద కూర్చుండిపోయింది. "పుట్టింటి మొహం చూసి ఎన్నాళ్ళయింది నువ్వు, చైత్రంలో రా, బురాంశ్ చెట్లు ఎర్రగా పూస్తున్నాయి, నా గుంపుతోపాటు నడిచి రా, సరదాగా ఉంటుంది," అన్నాడు. సరదాగా. తను ఆ మాట నమ్మింది. బియ్యం నానబోసింది, రోట్లో తనే దంచింది, మరలో పట్టిస్తే ఆ మెత్తదనం రాదని. బెల్లం పాకం పట్టింది, ఆవనూనెలో వేయించింది. ఒక్కో అరిసెనీ అరచేతిలో తట్టి మధ్యలో బొటనవేలితో నొక్కుతుంటే ఆ వేలికున్న పాత మచ్చ అన్నిటి మీదా పడింది. గడ్డి కోస్తూ కొడవలికి తెగ్గోసుకున్న వేలు, వంకర గీత, ఎన్ని అరిసెలో అన్ని వంకర గీతలు. కొడుకు చూసి, "అమ్మ సంతకం పెడుతోంది," అన్నాడు. పుట్టింటికి వట్టి చేతులతో వెళ్ళకూడదు కదా అన్నది తను. వట్టి చేతులతో పంపకూడదు కూడా. ఆ రెండో మాట కొడుకుతో అనలేదు.

పైన్ ఆకుల సూదులు ఎండి జారుతున్నాయి, అరికాలు ఎక్కడ వేయాలో కాలికే తెలుసు, మనసుకి చెప్పే పని లేకుండా అదే వేసుకుంటోంది. ఈ మలుపులో కుడివైపు రాయి పట్టుకోవాలి. ఇక్కడ మోపు దింపుకుని నిలబడే చోటు, వీపు ఆనించడానికి అరుగులా ఉన్న బండ. తనూ, పొరుగింటి పిల్లలూ ఈ వాలులో కొడవళ్ళు పట్టుకుని గడ్డికి వచ్చేవాళ్ళు, ఎవరో ఒకరు అవతలి కొండ మీద వాళ్ళని కేక వేసి తిట్టేవాళ్ళు, వాళ్ళు తిరిగి తిట్టేవాళ్ళు, లోయంతా తిట్లు మోగేవి. ఇప్పుడు గడ్డి ఎవరూ కోస్తున్నట్టు లేదు, నడుములోతు పెరిగి ఎండిపోయింది. చెట్ల మీద ఎర్రరంగుతో బాణం గుర్తులు వేశారు, దారి తప్పిపోకుండా. ఈ దారిలో దారి తప్పేవాళ్ళు ఉంటారా. ఉంటారు కాబోలు. రాళ్ళ సందుల్లో పసుపుపచ్చ ఫ్యోలి పూలు విచ్చుకుని ఉన్నాయి. ఇవే కోసుకుని తెల్లారకముందే ఊళ్ళో ఇంటింటి గడప మీదా పెట్టేవాళ్ళు ఆడపిల్లలు, చైత్రం మొదటి రోజున. నీ గడప చల్లగుండాలి, నీ గాదె నిండుగుండాలి. తను ముందు తమ గడప మీదే పెట్టేది, పరాయి ఇళ్ళకి తర్వాత. అమ్మ తిట్టేది, సొంత గడపకి ఎవరన్నా పెట్టుకుంటారా, పక్కింటి పిల్ల వచ్చి పెడుతుంది ఆగు అని. తను ఆగేది కాదు. ఆ గడప రాతిది, మధ్యలో అరిగి పల్లంగా ఉండేది, అందులో పూలు జారకుండా నిలిచేవి. ఇవాళ ఆ పల్లంలో కాలు పెట్టాలి. పూజ వాళ్ళది, సోదె వాళ్ళది, అవన్నీ వాళ్ళనే పడనీ. గడప మాత్రం తనది. ఆ వసారాలో, చెక్కిన స్తంభానికి ఆనుకుని, ఒక్క పూట కూర్చోవాలి. అందుకే కదా తను తిరిగి పోవటం లేదు. అందుకేనా.

"ఆంటీ, మీకు ఆయాసం రావటం లేదా?" అన్నది వెనకబడిపోయిన పిల్ల. తాన్యా అట పేరు, రెండు చేతుల్లో రెండు కర్రలు, మోకాలికి నల్లటి పట్టీ. సులువైన దారి అన్నారు కదా, నాకేంటి ఇంత కష్టంగా ఉంది అని ఇందాకటి నుంచి గొణుగుతోంది. దర్శని ఆ పిల్ల కోసం ఆగి ఆగి నడుస్తోంది, అలా ఆగటం తనకే మంచిగా ఉంది, పైకి చేరడం కొంచెం ఆలస్యమవుతుంది.

ఆయాసం రాదు. ఆ రోజు వచ్చింది. ఆషాఢం, వాన, కడుపుతో ఐదో నెల. రెండు రోజులుగా నడుములో నొప్పి, బట్టకి మరక, అత్తగారు చూసి కూడా, "మా రోజుల్లో మోపు దించి కన్నాం," అన్నది. భర్త ఢిల్లీలో ఏదో హోటల్లో గిన్నెలు కడుగుతున్నాడు, ఉత్తరం రాస్తే నెలకి చేరేది. నది దాటి, ఈ కొండ ఎక్కి, మధ్యాహ్నానికి వసారాలో పడింది. అమ్మ ఏమీ అడగలేదు. తల తుడిచింది, తన శాలువా కప్పింది, పొయ్యి మీద టీ పెట్టింది. తడి కట్టెలు. గొట్టంతో ఊదుతోంది, పొగ వస్తోంది గానీ మంట రావటం లేదు. అమ్మ కళ్ళల్లో నీళ్ళు, పొగకో ఇంకెందుకో. నాన్న లేడు, ఇంటికి మగదిక్కు రఘుబీరే, అతనికి సిల్యాణ పిల్లే కుదిరింది, దర్శని మామగారి తమ్ముడి కూతురు సుశీల, పెళ్ళి వచ్చే మాఘంలో. పొలం నుంచి వచ్చి చెల్లెల్ని చూశాడు, శాలువా చూశాడు, బయటికెళ్ళి గొడుగు తెచ్చాడు. "నువ్విట్టా వచ్చేశావని తెలిస్తే వాళ్ళు పిల్లనిస్తారా? పద భులీ, చీకటి పడకముందు దిగబెడతాను." అమ్మ గొట్టం తీసి, "టీ మరగనీరా, ఒక్క గుక్క తాగి పోతుంది," అన్నది. "అక్కడికెళ్ళి తాగుతుందిలే. దిగుడే కదా, సులువైన దారి." అమ్మ మళ్ళీ గొట్టం నోట్లో పెట్టుకుంది. ఇప్పటికీ తేలని సంగతి అది, అమ్మ నిజంగా మంట చేయలేకపోయిందా, లేక మంట రాకుండా మెల్లగా ఊదిందా, టీ మరిగేదాకా అన్నా కూతురు ఉంటుందని. అడుగుదామంటే అమ్మ పోయిన కబురు కూడా మూడో రోజుకి గానీ చేరలేదు. పుట్టింటి నుంచి ఆడపిల్ల దిగుతుంటే నెత్తిన బుట్ట ఉంటుంది, అందులో అరిసెలుంటాయి, దారిలో ఎదురైన వాళ్ళు బుట్ట వంకే చూస్తారు. ఆ రోజు ఎదురైన వాళ్ళు తన నెత్తి వంక చూసి, రఘుబీర్ వంక చూసి, పక్కకి తప్పుకుని దారిచ్చారు. సగం దూరంలో ఊటనీళ్ళు పడే చోట ఉన్న రాయి మీద కూర్చుంది, ఇక లేవలేకపోయింది. అన్న వీపు తిప్పి నిలబడ్డాడు. అయిపోయాక వచ్చాడు, టోపీ తీసి, టోపీతో నీళ్ళు పట్టి రాయి కడిగాడు. నాలుగైదు సార్లు కడిగాడు. తన వంక చూడలేదు, రాయి వంకే చూశాడు, ఎక్కడా ఏమీ మిగలకూడదన్నట్టు. తర్వాత గొడుగు తన చేతిలో పెట్టి, "దీనితో పో, నేను తడిసినా ఏం కాదు," అన్నాడు. అది కూడా నిజమే, గొడుగిచ్చాడు. తడుస్తూ వెనక్కి వెళ్ళాడు. ఆ గొడుగు అత్తగారు చాలా ఏళ్ళు వాడింది.

"ఆంటీ, పైన ఏడుపురాయి ఉందట, తెలుసా?" తాన్యా రొప్పుతూ కర్రల మీద వాలి నిలబడింది. "నిన్న రాత్రి రఘుబీర్ అంకుల్ చెప్పారు. ఎప్పుడో పాతకాలంలో ఒక వనదేవత కొండ దిగుతూ ఆ రాయి మీద కూర్చుని ఏడ్చిందట. ఆ కన్నీళ్ళే ఊటయ్యాయట. ఇప్పటికీ వానాకాలంలో రాయి ఎర్రగా కనిపిస్తుందట. ఎర్ర బట్టలు కట్టుకుని అక్కడ నిలబడకూడదు, ఈల వేయకూడదు అన్నారు. నాకు ఫోటో కావాలి దానితో, మొత్తం దారిలో అదే బాగుంటుందట." దర్శని ఆ పిల్ల మొహం చూస్తూ నిలబడింది. రాయి ఎర్రగా కనిపిస్తుందట. ఎన్ని గుంపులకి చెప్పి ఉంటాడు, ఆ సన్నబడే జోకు ఎక్కడ చెప్పాలో తెలిసినట్టే ఇదీ తెలిసి, మంట ముందు కూర్చోబెట్టి, గొంతు తగ్గించి. కడిగి పోగొట్టలేనిదాన్ని కథ చేసి పోగొట్టుకుంటున్నాడు. అతను చెప్పుకోవటానికి ఇంకో దారి లేదేమో అని ఒక్క క్షణం అనిపించింది, వెంటనే ఆ జాలిని కాలి కింద తొక్కేసింది. "ఎందుకు ఏడ్చిందట?" అని అడిగింది. "అది చెప్పలేదు ఆంటీ. అడిగితే, ఎవరికి తెలుసు, ఆడవాళ్ళు ఎందుకేడుస్తారో అన్నారు. మీ ఊరే కదా, మీకు తెలుసా?"

"టీ మరగలేదని," అన్నది దర్శని.

తాన్యా పగలబడి నవ్వింది. "భలే ఉన్నారు ఆంటీ మీరు. నేనూ ఏడుస్తాను టీ లేకపోతే." నవ్వుతూనే అడుగు వేసింది, పైన్ ఆకుల మీద కర్ర జారింది, మోకాలు మడతపడింది. చూస్తే పెద్ద దెబ్బేం కాదు గానీ ఇక ఎక్కలేనంది. దర్శని తన తలగుడ్డ విప్పి గట్టిగా కట్టింది, బురాంశ్ చెట్టు కింద చదునుగా ఉన్నచోట కూర్చోబెట్టింది. "పైకెళ్ళి ఎవరినైనా పంపిస్తాను, ఇక్కడే కూర్చో," అన్నది. "ఫోటో పోయింది," అన్నది ఆ పిల్ల దిగులుగా, నీళ్ళ సీసా మూత తీస్తూ.

ఇప్పుడు ఒంటరిగా ఎక్కుతోంది. ఎవరి కోసమో ఆగే వీలు కూడా లేదు. బాంజ్ చెట్లు మొదలయ్యాయి, నీడ చల్లగా ఉంది, చల్లదనంలో ఆలోచన ఇంకా స్పష్టంగా ఉంది, అదే కష్టం. ఏటా చైత్రంలో పుట్టింటి ఊరి డోలు వాయించే చైతూదాస్ ఆడపడుచుల ఊళ్ళు తిరుగుతూ తన వాకిట్లోకీ వచ్చేవాడు, పుట్టింటి పేరెత్తి పాడి, ఊదలో ఉలవలో కండువాలో పోయించుకుని వెళ్ళేవాడు. అతనే చెప్పాడు, రెండేళ్ళ కిందట అన్న కోడలి కడుపు పోయిందని, పోయినేడు మళ్ళీ పోయిందని. విన్నప్పుడు తనకేమయింది. సంతోషం కాదు, దేవుడి తోడు, సంతోషం కాదు. త్రాసులో ఒక వైపే ఎత్తుగా ఉన్న తట్ట కొంచెం కిందికి దిగినట్టు, అంతే. ఆ తర్వాత రాత్రంతా ఆ పిల్ల ఎలా ఉంటుందో అని ఆలోచించింది, తను చూడని పిల్ల, బబిత, రాయి మీద కూర్చుందా, మంచం మీద పడుకుందా, ఎవరైనా టీ ఇచ్చారా. తను శపించలేదు. ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. కానీ కోపం ఉంది, దాన్ని దాచుకుంది, నేతిలో ముంచిన బట్టలో చుట్టి పెట్టుకున్నట్టు చెడిపోకుండా దాచుకుంది. పొలం అన్నకి, ఇల్లు అన్నకి, అక్రోటు చెట్లు అన్నకి, అమ్మ ముక్కుపుడక కూడా వదినకి. పుట్టింటి నుంచి తన వంతుకొచ్చిన ఆస్తి ఆ కోపమొక్కటే. ఇప్పుడు దాన్ని కూడా ఇచ్చెయ్యమంటున్నారు. ఊరికే ఇచ్చేస్తే చాలదు, నవ్వుతూ ఇవ్వాలి. ఆడపడుచే వాళ్ళ నుదుట అక్షతలు పెట్టి, పుట్టింటిని దీవించే ఆ మాట అనాలి, నా కడుపు నిండింది, నా పుట్టిల్లు నిండాలి అని. అనకపోతే. అనకపోతే ఆ పిల్ల ఏమవుతుంది. తను సోదె నమ్ముతుందా. నమ్మదు. నమ్మకపోతే ఎందుకు భయం. నమ్మటానికీ నమ్మకపోవటానికీ మధ్య ఆ పిల్ల కడుపు ఉంది, అందులో ఎవరో ఉన్నారు. రఘుబీర్ సంగతి వదిలేస్తే, ఆ ఇంట్లో అలాంటి రాయి ఎంత చల్లగా ఉంటుందో తెలిసినవాళ్ళు ఆ పిల్లా తనూ ఇద్దరే. సరే. ఆ మాట ఆ పిల్లకి ఇస్తుంది. అన్నకి కాదు. అన్న నుదుటికి చెయ్యి వెళ్ళదు. ఇంట్లోకి వెళ్ళి, గడప మీద కాలు పెట్టి, అమ్మ పొయ్యి ఉన్నచోట కూర్చుని, అప్పుడు ఇస్తుంది.

నీళ్ళ చప్పుడు వినపడింది. ఊట అలాగే పడుతోంది, రాతి గొట్టం మారలేదు. గుంపులో మిగిలినవాళ్ళు లేరు, సామాన్ల మనిషితో పై పచ్చికమైదానానికి వెళ్ళిపోయారట. రాయి దగ్గర రఘుబీర్ ఉన్నాడు, టోపీ తీసి చేతిలో పట్టుకుని. పక్కన వదిన సుశీల, లావైంది, ముక్కుపుడక అమ్మదే. చాప, పళ్ళెంలో పెరుగూ బియ్యం, మడత విప్పని చీర, ఎర్రబట్ట కట్టిన బుట్ట. రాయికి కొంచెం దూరంగా తల మీద కొంగు ముక్కు దాకా లాక్కుని ఒక అమ్మాయి నిలబడింది, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, పొట్ట ఇంకా తెలియటం లేదు, చేతులే చెబుతున్నాయి. ఇంట్లో కదా పూజ, ఇక్కడెందుకు తెచ్చారు అనుకుంది దర్శని, ఎదురొచ్చి తీసుకెళ్ళటానికేమో అనుకుంది. "కూర్చో భులీ," అన్నాడు అన్న. రాయి మీద. కూర్చుంది. చల్లగా ఉంది, అంతే చల్లగా. అతను ఫ్లాస్కు మూత తిప్పాడు, స్టీలు గ్లాసులో టీ పోశాడు, ఆవిరి లేచింది. ముసలివాడయ్యాడు, గ్లాసు అంచు మీంచి కొంచెం ఒలికింది. "తాగు. ఆ రోజు తాగకుండానే వచ్చేశావు," అన్నాడు.

ముప్పై ఏళ్ళుగా గుర్తు పెట్టుకున్నాడా. టీ సంగతి తనకి తప్ప ఎవరికీ గుర్తుండదనుకుంది. గ్లాసు అందుకుంది, వేడి వేళ్ళలోకి వచ్చింది, పెదవి దాకా తెచ్చింది, అప్పుడు ఎందుకో అడిగింది. "ఇది నీకు తోచిందా భైజీ, సోదెమ్మ చెప్పిందా?"

రఘుబీర్ అబద్ధం ఆడొచ్చు. ఆడి ఉంటే బాగుండేది. భయమో, దేవుడి పని అన్న భక్తో, నిజమే చెప్పాడు. "ఆమే చెప్పింది. ఏం తాగకుండా ఏం తినకుండా దిగిందో అడిగింది. నాకు గుర్తు రాలేదు. మీ వదినే చెప్పింది, టీ సంగతి సిల్యాణలో ఎవరో అనగా విన్నదట."

దర్శని టీ తాగింది. మరిగిన టీనే, అల్లం వేశారు, చక్కెర ఎక్కువ. తాగి గ్లాసు బోర్లించి పక్కన పెట్టింది. పళ్ళెంలోంచి పెరుగు కలిపిన బియ్యం తీసుకుని లేచింది. రఘుబీర్ తల వంచాడు, బట్టతల, మధ్యలో చిన్నప్పుడు చెట్టు మీంచి పడ్డ కుట్ల గుర్తు. ఆ గుర్తు పక్కనుంచి నడిచి వెళ్ళి బబిత ముందు నిలబడింది, కొంగు కొంచెం పైకెత్తింది. చిన్న పిల్ల. కళ్ళ కింద నలుపు. భయంతో తన చేతి వంకే చూస్తోంది, ఆ చేయి పెడుతుందో పెట్టదో అని. నుదుట పెట్టింది, తల మీద మిగిలినవి చల్లింది. "నా కడుపు నిండింది," అన్నది, "నా పుట్టిల్లు నిండాలి." మాట బయటికి వచ్చేసరికి లోపల ఖాళీగా ఉంది, ఇల్లు ఖాళీ చేశాక గోడల మీద మేకులు మిగిలినట్టు. సుశీల గట్టిగా ఊపిరి వదిలింది. రఘుబీర్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. తన నుదుట అక్షతల తడి లేకపోయినా అతనికి చాలు, మాట అయితే పడింది.

"పద వదినా, ఇల్లు చూస్తాను," అన్నది దర్శని, పైదారి వైపు తిరిగి.

సుశీల బుట్ట ఎత్తి చేతికిస్తూ, "ఇవాళ కాదమ్మా," అన్నది. "ఏమీ అనుకోకు. ఇక్కడి నుంచే తృప్తిగా పంపాలన్నారు. కాన్పయ్యేదాకా నువ్వు ఊళ్ళోకి రాకూడదంట, ఇంటి గడప తొక్కకూడదంట, ఏడ్చినదంతా నీ కాళ్ళ వెంట లోపలికొస్తుందంట. బిడ్డ పుట్టాక మేమే పిలుస్తాంగా, పండగలా పిలుస్తాం."

బబిత మొదటిసారి నోరు విప్పింది, చాలా మెల్లగా. "ఇంత దూరం వచ్చి ఇంటికి రాకుండానే పోతుందా అత్త?" సుశీల ఒక్క చూపు చూసింది. కొంగు మళ్ళీ ముక్కు దాకా దిగింది.

"జీపు పైన ఉంది గానీ, అది ఎక్కాలంటే నువ్వు ఊళ్ళోకి రావాలి కదా," అన్నాడు రఘుబీర్. టోపీ పెట్టుకున్నాడు. వాచీ చూసుకున్నాడు, పైన అతని గుంపు ఎదురు చూస్తోంది. మంచి మనసుతోనే అన్నాడు, చెల్లెలు కష్టపడకూడదనే అన్నాడు. "పొద్దు ఇంకా ఉంది. దిగుడే కదా భులీ, సులువైన దారి."

దర్శని అతని మొహంలో వెతికింది, ఎక్కడైనా ఆ మాట అతనికి తగిలిందేమో అని. ఎక్కడా తగల్లేదు. "కింద ఒక పిల్ల మోకాలు నొప్పితో కూర్చుంది, మనిషిని పంపించు," అని మాత్రం చెప్పి, చీర భుజాన వేసుకుని, బుట్ట నెత్తి మీద పెట్టుకుని దిగింది. ఈసారి నెత్తి మీద బుట్ట ఉంది. ఎదురయ్యేవాళ్ళే ఎవరూ లేరు. బాంజ్ చెట్లు అయిపోయాయి, పైన్ చెట్లు వచ్చాయి, కాళ్ళు వాటి పని అవి చేసుకుంటున్నాయి. బుట్ట బరువు ఎక్కడో తెలిసినట్టుంది. ఆ సంగతి మొదట మెడకి తెలిసింది, తర్వాత ముక్కుకి, ఆవనూనె, బెల్లం, కొంచెం మాడిన వాసన, ఆఖరి వాయిలో మంట ఎక్కువైనప్పుడు మాడింది. మలుపులో మోపు దింపుకునే బండ మీద బుట్ట దింపింది. ఎర్రబట్ట ముడి విప్పింది. పై అరిసె మధ్యలో వంకర గీత. దాని కిందున్న దాని మీద కూడా. అడుగు దాకా వేలు పెట్టి చూసింది, అన్నిటి మీదా తన బొటనవేలే. బియ్యం నానబెట్టి, దంచి, పాకం పట్టే తీరిక వదినకి ఎక్కడుంటుంది, జీపులో డబ్బా వచ్చింది, బుట్టలోకి దిమ్మరించింది. వేరే చోటు నుంచి కొనలేదు, అదొకటి నయం. నవ్వాలో ఏం చేయాలో మొహానికి తెలియలేదు. తర్వాత బట్ట మళ్ళీ కట్టింది, ముడి సరిగ్గా, ముందున్నట్టే.

బురాంశ్ చెట్టు కింద తాన్యా బూట్లు విప్పేసి, రాలిన ఎర్రపూలు ఒళ్ళో పోసుకుని కూర్చుంది. "వచ్చేశారా ఆంటీ? ఏడుపురాయి చూశారా? మీ ఇల్లు ఎలా ఉంది?" అని అడిగింది.

"బాగుంది," అన్నది దర్శని. "మనిషి వస్తాడు, వచ్చేదాకా నేనుంటాను." పక్కన కూర్చుని బుట్ట దింపి, ముడి విప్పి, ఒక అరిసె తీసి ఇచ్చింది. "తిను, పొద్దుటి నుంచి ఏం తిన్నావో ఏమో."

తాన్యా కొరికి కళ్ళు మూసుకుంది. "అబ్బ, ఎవరు చేశారు ఇవి?"

దర్శని బట్ట అంచు మీద పడిన బెల్లపు పొడిని వేలితో దులిపింది. "మా పుట్టింటివమ్మా," అన్నది. "ఆడపిల్లని వట్టి చేతులతో పంపరు మాలో."

"ఇంకోటి తీసుకోనా?"

"తీసుకో," అన్నది. "చాలానే పెట్టారు."